పరాయి నేలపై కొలువు, కాపురం: కడప–కర్నూలు సీమ నుంచి చూసిన పుస్తకాలు

తనది కాని దేశానికి వెళ్లి, అలవాటు లేని మనుషుల మధ్య ఏళ్ల తరబడి ఉండి, అక్కడే పని చేసి బతికినవారు రాసుకున్న పుస్తకాలు సాహిత్యంలో ఒక ప్రత్యేకమైన శాఖ. ఉత్తరాలు, దినచర్యలు, ఆత్మకథలు, జిల్లా చరిత్రలు, వ్యాకరణాలు, నిఘంటువులు, మానవశాస్త్ర గ్రంథాలు, నవలలు అన్నీ ఇందులోకి వస్తాయి. అవిభక్త కడప, కర్నూలు జిల్లాలకు ఈ శాఖతో రెండు వైపులా సంబంధం ఉంది. పదిహేడో శతాబ్దం నుంచి ఈ మెట్టసీమకు వచ్చి పని చేసిన విదేశీయులు రాసిన పుస్తకాలు ఒక వైపు. ఇక్కడి నుంచి, విస్తృతంగా తెలుగునాటి నుంచి, పరదేశాలకు వెళ్లి పని చేసినవారి రాతలు మరో వైపు. మొదటి వైపు అల్మారాలు నిండుగా ఉన్నాయి. రెండో వైపు, ముఖ్యంగా గల్ఫ్ దేశాలకు వెళ్లిన కూలీల విషయంలో, ఇంకా నిండవలసినవి చాలా ఉన్నాయి.

పరిధి, స్వరూపం

యాత్రా సాహిత్యానికీ దీనికీ చుట్టరికం ఉన్నా రెండూ ఒకటి కావు. యాత్రికుడు చూసి వెళ్లిపోతాడు. పని మీద వచ్చినవాడికి ఆ వెసులుబాటు లేదు. ఇల్లు వెతుక్కోవాలి, పనివాళ్లతో మాట్లాడాలి, పై అధికారికి జవాబు చెప్పాలి, జబ్బు చేస్తే అక్కడి వైద్యుణ్ణే నమ్ముకోవాలి. తనకు తెలిసిన మర్యాద అక్కడ చెల్లదని, తనకు తెలియని మర్యాద ఒకటి అక్కడ ఉందని రోజువారీ పనిలోనే తెలిసివస్తుంది. ఈ పుస్తకాలకు బలం అక్కడి నుంచే వస్తుంది.

పరాయి సంస్కృతిలో మనిషి పడే తొట్రుపాటుకు ఇరవయ్యో శతాబ్దం మధ్యలో శాస్త్రీయమైన పేరు స్థిరపడింది. కలెర్వో ఓబర్గ్ అనే మానవశాస్త్రవేత్త దాన్ని ‘కల్చర్ షాక్’గా వివరించి నాలుగు దశలు చెప్పాడు: మొదట్లో అంతా అందంగా కనిపించే దశ, తర్వాత విసుగూ కోపమూ కమ్ముకునే దశ, మెల్లగా కోలుకునే దశ, చివరికి కుదురుకునే దశ. ఎడ్వర్డ్ టి. హాల్ 1959లో ప్రచురించిన ‘ది సైలెంట్ లాంగ్వేజ్’ మరో కోణం చూపింది. సమయాన్ని పాటించే తీరు, మనుషుల మధ్య ఉంచే దూరం, మౌనం కూడా సంస్కృతిని బట్టి మారతాయని ఆ పుస్తకం చెప్పింది. ఈ సిద్ధాంతాలు పుట్టడానికి నూరేళ్లకు ముందే కడప కచేరీల్లో, కర్నూలు గుడారాల్లో కూర్చుని రాసిన విదేశీయుల కాగితాల్లో ఈ దశలన్నీ కనిపిస్తాయి.

తొలి రాతలు: గండికోట, కర్ణాటక మిషన్

విజయనగర కాలంలోనే పోర్చుగీసు వాళ్లు ఈ దారి తొక్కారు. దొమింగో పేస్, గుర్రాల వ్యాపారి ఫెర్నావో నూనిజ్ పదహారో శతాబ్దం మొదటి భాగంలో రాసిన వృత్తాంతాలను మద్రాసు సివిల్ అధికారి రాబర్ట్ సివెల్ 1900లో ‘ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్’ ద్వారా ఇంగ్లీషు పాఠకులకు అందించాడు.

కడప సీమకు నేరుగా సంబంధించిన రాతల్లో ప్రసిద్ధమైనది ఫ్రెంచి రత్నాల వర్తకుడు జాన్ బాప్టిస్ట్ టావెర్నియేది. 1652లో ఆయన పెన్నా లోయ మీదున్న గండికోటకు వచ్చాడు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా అప్పుడే ఆ కోటను పట్టుకుని అక్కడ విడిది చేసి ఉన్నాడు. గుడారంలో కూర్చుని, కాలి వేళ్ల మధ్యా ఎడమచేతి వేళ్ల మధ్యా ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటీ తీసి జవాబులు చెప్పి రాయిస్తున్న మీర్ జుమ్లాను టావెర్నియే వర్ణించాడు. ఒక పాలకుడి కొలువు ఎలా నడిచేదో కళ్లకు కట్టే సమాచారం అది. దేవాలయాల రాగి విగ్రహాలను కరిగించి మీర్ జుమ్లా కోసం ఫిరంగులు పోస్తున్న మెయిల్ అనే ఫ్రెంచి పనివాడి ప్రస్తావన కూడా అక్కడే ఉంది. పరాయి దొర దగ్గర తన చేతిపనిని అమ్ముకుని బతికిన ఐరోపా కూలీ అతడు. గండికోట గుడిలోని విగ్రహాలు మాత్రం ఎంతకీ కరగలేదని టావెర్నియే రాశాడు. 1676లో అచ్చయిన ఆయన యాత్రా గ్రంథం గండికోట చరిత్రకు ముఖ్యమైన ఆధారం.

పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెసూట్ పాద్రీలు ‘కర్ణాటక మిషన్’ పేరుతో తెలుగు మెట్టసీమల్లో పని చేశారు. వారిలో గాస్తన్ కేర్దూ తెలుగు, సంస్కృతం నేర్చి నిఘంటువులు కూర్చాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ ఉన్న పోలికలను 1767లో ఫ్రాన్సుకు రాసి పంపాడు. విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ప్రసిద్ధ ప్రసంగానికి అది పంతొమ్మిదేళ్లు ముందు. హిందువుల ఆచారాల మీద కేర్దూ రాసిన రాతప్రతే తర్వాత ఫ్రెంచి పాద్రీ అబ్బే దుబాయ్ గ్రంథానికి చాలా వరకు మూలమని ఫ్రెంచి పరిశోధకురాలు సిల్వియా ముర్ 1987లో నిరూపించింది. దుబాయ్ పుస్తకం ఈ సీమకు చేసిన ఒక గొప్ప మేలు తర్వాతి భాగాల్లో కనిపిస్తుంది.

దత్తమండలాలు: కచేరీ నుంచి పుట్టిన రాతలు

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. గ్లాస్గోలో పుట్టిన ఈ స్కాట్ సైనికుడు 1807 వరకు ఇక్కడే ఉన్నాడు. ఏడాదిలో ఎక్కువ కాలం గుడారాల్లోనే తిరిగాడు, పాళెగాళ్లతో తలపడ్డాడు, పొలాల సర్వే చేయించి రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. జి.ఆర్. గ్లేగ్ 1830లో ప్రచురించిన మన్రో జీవిత చరిత్రలో చాలా భాగం ఆయన ఉత్తరాలే. తెల్లవారగానే గుడారం ముందు మూగే రైతులు, పన్ను గోడు, ఎండ, ఒంటరితనం ఆ ఉత్తరాల్లో ఉన్నాయి. గవర్నరయ్యాక కూడా ఈ సీమను చూడాలని మళ్లీ వచ్చిన మన్రో 1827 జులై 6న కర్నూలు ప్రాంతంలోని పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడాడన్న కథ జనంలో ఇప్పటికీ ఉంది. పరదేశి అధికారి గురించి ఇక్కడి జనం అల్లుకున్న కథ కూడా ఈ చరిత్రలో భాగమే.

కోలిన్ మెకంజీ దారి వేరు. సర్వే అధికారిగా దక్షిణాపథమంతా తిరిగినా దేశభాషలు ఆయనకు పట్టుబడలేదు. ఆ లోటును కావలి సోదరులు తీర్చారు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఊరూరా మనుషులను పంపి కరణాల చేత గ్రామ చరిత్రలు రాయించారు. వాటినే కైఫీయత్తులు అంటారు. ఊరి పుట్టుక, చెరువులు, గుళ్లు, పాళెగాళ్ల వంశాలు, మాన్యాల వివరాలు వాటిలో ఉన్నాయి. కడప జిల్లా కైఫీయత్తులు ఆధునిక కాలంలో కడపలోనే సంపుటాలుగా వెలువడ్డాయి. పేరు మెకంజీది, మాట మాత్రం ఊరి కరణానిది. విదేశీయుడి పేరుతో ఉన్న ఏ గ్రంథంలోనైనా ఇక్కడివాళ్ల పాలు ఎంతో వెతకాలని ఈ సంపుటాలు నేర్పుతాయి. రామస్వామి 1829లో ఇంగ్లీషులో ‘దక్కను కవుల జీవితాలు’ ప్రచురించి తన పేరు తానే నిలుపుకున్నాడు.

తర్వాతి తరంలో జిల్లా మాన్యువళ్లు వచ్చాయి. జె.డి.బి. గ్రిబుల్ 1875లో కడప జిల్లా మాన్యువల్ రాశాడు. కర్నూలు మాన్యువల్ 1886లో వచ్చింది. దాన్ని రాసినవాడు నరహరి గోపాలకృష్ణమ శెట్టి అనే ఇక్కడి అధికారి. ఒకే రకం పుస్తకాన్ని పక్కపక్క జిల్లాలకు ఒక దొర, ఒక దేశీయుడు రాయడం వల్ల రెండింటినీ పోల్చి చదివే అవకాశం ఉంది. ఈ రెంటి మధ్య 1876–78 నాటి ధాత కరువు వచ్చింది. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. మద్రాసు పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో ఆ కరువు మీద రెండు సంపుటాల గ్రంథం రాసి, ప్రభుత్వం తిండిగింజలు కొలిచిన తీరును నిలదీశాడు. పరాయి దేశంలో ఉద్యోగం చేసేవాడు తన సొంత ప్రభుత్వాన్నే ప్రశ్నించిన పుస్తకం కాబట్టి దానికి గౌరవమైన స్థానం ఉంది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

ఈ శాఖలో కడపకు ప్రపంచ స్థాయి పేరు తెచ్చినవాడు సి.పి. బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, సెయింట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. 1820లో కడప కలెక్టరు హాన్‌బరీకి సహాయకుడిగా వచ్చాడు. కచేరీలో అర్జీలు వినడానికి నేర్చుకున్న భాష తర్వాత ఆయన జీవితమంతా ఆక్రమించింది.

మలుపు మచిలీపట్నంలో వచ్చింది. అక్కడ పని చేసేటప్పుడు అబ్బే దుబాయ్ పుస్తకంలో వేమన ప్రస్తావన బ్రౌన్ కంటపడింది. రాతప్రతులు వెతికించి, పద్యాలు ఏర్చి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. రాయలసీమ కవిని ఒక ఇంగ్లీషు ఉద్యోగికి చూపించింది ఒక ఫ్రెంచి పాద్రీ పుస్తకం. ఆ పుస్తకం వెనక కేర్దూ రాతలున్నాయి. పరాయి నేల మీద రాసిన పుస్తకాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడిచి, చివరకు వేమనను అచ్చులో వేమన సీమకే తెచ్చిన వైనం ఇది.

1826లో మళ్లీ కడపకు వచ్చిన బ్రౌన్ తోటతో కూడిన బంగళా కొని, పండితులను సొంత జీతాలిచ్చి పోషించాడు. ఆ పనినంతా అయోధ్యాపురం కృష్ణారెడ్డి చూసుకునేవాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులు ప్రతులు సరిచూసి, పాఠాంతరాలు గుర్తించి, వ్యాఖ్యానాలు రాశారు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు.

బ్రౌన్ రాసినవన్నీ ఒక వరసలో పెడితే, పరాయి చోట పని చేయబోయే మనిషికి కావలసిన సామగ్రి అంతా కనిపిస్తుంది. 1840లో వ్యాకరణం, 1852–53లో నిఘంటువులు, వాటితో పాటు అర్జీలూ ఉత్తరాలూ వాడుక వచనమూ ఉన్న తెలుగు రీడరు, తెలుగు–ఇంగ్లీషు సంభాషణల పుస్తకం వచ్చాయి. ‘రాజుల యుద్ధములు’ 1853లో, తాతాచారి కథలు 1855లో వెలువడ్డాయి. కొత్తగా ఓడ దిగిన అధికారికి కావ్యభాష ఒక్కటే చాలదని, రైతు ఏం మాట్లాడతాడో తెలియాలని బ్రౌన్ పట్టుబట్టాడు. 1866లో రాసుకున్న తన ‘సాహిత్య జీవితం’ చిన్న పుస్తకమే అయినా తెలుగు మీద ఇష్టం ఎలా మొదలైందో, అప్పులు ఎలా అయ్యాయో, ఎవరి సాయం అందిందో దాచకుండా చెబుతుంది. దాన్ని పరిశోధకులు జి.ఎన్. రెడ్డి, బంగోరె కలిసి 1978లో తిరుపతి నుంచి మళ్లీ ప్రచురించారు. బ్రౌన్ ఉత్తరాలను వెలికితీసి పరిశోధకుల ముందు పెట్టడంలో బంగోరె శ్రమ చాలా పెద్దది.

వీరాస్వామి చూపు

పరాయితనం సముద్రం దాటితేనే కలగదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పని చేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. ఆయన దారి ఒంటిమిట్ట, కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగా సాగింది. కడప సీమ అప్పటికే కంపెనీ పాలనలో ఉంది. కర్నూలు సీమ మాత్రం ఇంకా కందనూరు నవాబు చేతిలో ఉంది. యాత్రికుల నుంచి నవాబు మనుషులు వసూలు చేసే పన్నులు, దారిలో నీటి వసతి, అంగళ్లలో దొరికే సరుకులు, బోయీల కష్టం అన్నీ వీరాస్వామి లెక్కగా రాశాడు. స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు పంపిన ఆ రాతలు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. దిగవల్లి వేంకట శివరావు 1941లో దాన్ని మళ్లీ ప్రచురించారు. తెల్లదొరల కింద కొలువు చేసిన తెలుగువాడు తన భాషలోనే పొరుగు సీమను పరాయి కళ్లతో, అయినా ఆత్మీయంగా, చూసిన పుస్తకం ఇది.

బడి, ఆసుపత్రి, అడవి

లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని ప్రారంభించింది. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఆ సంస్థ నుంచే వచ్చింది. నంద్యాల ప్రాంతంలో ఆంగ్లికన్ మిషన్ బడులు పెట్టింది. ఈ మిషనరీలు స్వదేశానికి పంపిన నివేదికలు, ఉత్తరాలు చందాదారుల కోసం రాసినవి. కాబట్టి మతం మారినవారి సంఖ్య వాటిలో ముందుకొస్తుంది. అయినా కలరా, కరువు, మాలమాదిగ పల్లెల జీవితం గురించి మరెక్కడా దొరకని వివరాలు వాటిలో ఉన్నాయి. గోదావరి వైపు జూలియా మెయిట్‌లాండ్ రాజమండ్రిలో జడ్జి భార్యగా ఉండి రాసిన ‘లెటర్స్ ఫ్రమ్ మద్రాస్’ 1843లో వచ్చింది. ఇంటి పనివాళ్లు, బడి పిల్లలు, సందర్శకుల మర్యాదలు ఇంత చురుగ్గా పట్టుకున్న పుస్తకాలు ఆ కాలంలో తక్కువ.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు మదనపల్లె కడప జిల్లాలో భాగం. అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ పని చేశాడు. ఆయన భార్య మార్గరెట్ సంగీతజ్ఞురాలు, స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన మనిషి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లెలో ఉన్నప్పుడే ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించాడు. దాని స్వరలిపిని నమోదు చేయడంలో మార్గరెట్ పాత్ర ఉంది. ఈ దంపతులిద్దరూ కలిసి రాసిన ఆత్మకథ ‘వియ్ టూ టుగెదర్’ 1950లో మద్రాసులో వెలువడింది. ఒకే జీవితాన్ని భార్యాభర్తలు వంతులవారీగా చెప్పడం దాని ప్రత్యేకత. పాలకుల జాతిగా కాక, తామూ బ్రిటిషు పాలన చవిచూసిన దేశం నుంచి వచ్చినవాళ్లుగా భారతదేశాన్ని చూడటం వల్ల ఈ పుస్తకం దొరల జ్ఞాపకాల కంటే భిన్నంగా వినిపిస్తుంది.

కృష్ణకు ఇరువైపులా నల్లమలలో ఉండే చెంచుల మీద వియన్నాలో పుట్టిన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ పని చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్నందువల్ల ఆయన కదలికలను హైదరాబాదు సంస్థానానికి కట్టడి చేశారు. ఆ కట్టడిలోనే భార్య ఎలిజబెత్‌తో చెంచు పెంటల దగ్గర గుడారం వేసుకుని, గడ్డలు తవ్వే తీరు, తేనె తీసే పద్ధతి, కుటుంబాల కట్టుబాట్లు నమోదు చేశాడు. 1943లో వచ్చిన ‘ది చెంచూస్’ ఈ తెగ మీద ఇప్పటికీ మొదట చదవవలసిన గ్రంథం.

1969లో స్పెయిన్ దేశస్థుడు విసెంతె ఫెర్రర్ అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ స్థాపించాక సీమ కరువు గురించి స్పానిష్ భాషలోనూ పుస్తకాలు వచ్చాయి. ఇటీవలి కాలంలో ఇజ్రాయెల్ పండితుడు డేవిడ్ షుల్మన్ రాజమండ్రిలో ఉండి రాసిన దినచర్య ‘స్ప్రింగ్, హీట్, రెయిన్స్’ 2009లో వచ్చింది. తెలుగు పద్యం నేర్చుకుంటూ ఎండనూ వాననూ మనుషులనూ చూసిన పుస్తకం అది. బ్రౌన్ దారి ఇంకా మూసుకుపోలేదని అది చెబుతుంది.

ఇక్కడి నుంచి బయటికి

తెలుగువారు పరదేశాల గురించి రాసిన తొలి పుస్తకాల్లో పోతం జానకమ్మ రాఘవయ్యది ముఖ్యమైనది. 1870లలో ఇంగ్లండు వెళ్లివచ్చి, తెలుగులో రాసుకున్న అనుభవాలను ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ పేరుతో 1876లో ఇంగ్లీషులో ప్రచురించింది. ఇక్కడికి వచ్చిన దొరసానులు మన ఇళ్లను వర్ణిస్తున్న కాలంలోనే, మద్రాసు తెలుగు ఇల్లాలు లండను ఇళ్లనూ ఆడవాళ్ల స్వేచ్ఛనూ తూచి చూసింది.

ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు రచయితలకు విదేశంలో జీతం ఇచ్చి తెలుగు పని చేయించిన చోటు మాస్కో. అక్కడి ప్రగతి ప్రచురణాలయంలో ఉప్పల లక్ష్మణరావు, కొండేపూడి లక్ష్మీనారాయణ, నిడమర్తి ఉమారాజేశ్వరరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు అనువాదకులుగా పని చేశారు. గోర్కీ, ఐత్మాతొవ్, పిల్లల బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకు తెలుగు పల్లెలకు చేరింది వీరి చేతుల మీదుగానే. వృక్షశాస్త్రజ్ఞుడైన లక్ష్మణరావు ఐరోపాలో చదివి, స్విస్ దేశస్థురాలు మెల్లీని పెళ్లి చేసుకుని, మాస్కోలో చాలా ఏళ్లు పని చేశాడు. ఆయన ఆత్మకథ ‘బతుకు పుస్తకం’ తెలుగులో ఈ శాఖకు మేలి ఉదాహరణ. ‘అతడు–ఆమె’ నవలలో కనిపించే సమానత్వపు ఆలోచన ఆ జీవితం నుంచే వచ్చింది.

రాచమల్లు రామచంద్రారెడ్డిది కడప జిల్లా సింహాద్రిపురం దగ్గరి పైడిపాలెం. 1968లో కడప నుంచి ‘సంవేదన’ త్రైమాసిక పత్రిక నడిపి, తర్వాత మాస్కో వెళ్లి కొన్నేళ్లు పని చేసి, తిరిగి వచ్చాడు. ఆయన నుంచి మనకు మిగిలింది మాస్కో జ్ఞాపకాల పుస్తకం కాదు, ‘అనువాద సమస్యలు’. పైకి సాంకేతిక గ్రంథంలా కనిపిస్తుంది గానీ, ఒక జాతి ఆలోచనను మరో జాతి మాటల్లోకి తేవడానికి ఏళ్ల తరబడి కూర్చున్న మనిషి అనుభవసారం అది. 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది.

అమెరికా వలస మరో పాయ. కర్నూలు వైద్య కళాశాల 1957లో మొదలైంది. అమెరికా 1965లో వలస చట్టాన్ని మార్చాక తెలుగు వైద్యులు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్లారు. ఆ జీవితం ఎక్కువగా కథల్లోకి వచ్చింది. వంగూరి ఫౌండేషన్ సంకలనాలు, ఆరి సీతారామయ్య ‘గట్టు తెగిన చెరువు’, ఎస్. నారాయణస్వామి ‘రంగుటద్దాల కిటికీ’ ఇందుకు సాక్ష్యం. ప్రవాసుల సంస్థలు ఇక్కడి రచనకూ ఊతమిచ్చాయి. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి ‘కొండపొలం’ 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది.

కోయిట్: రాయని పుస్తకాల సీమ

సంఖ్యను బట్టి చూస్తే కడప ప్రాంతపు అతి పెద్ద విదేశీ వలస గల్ఫ్‌కే, అందులోనూ కువైట్‌కే. ఇక్కడి జనం నోట అది ‘కోయిట్’. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు, కడప ప్రాంతాల్లో 1970ల చమురు కాలం నుంచి ఈ వలస సాగుతోంది. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేనిది. ఎండిన బోర్లు, చేతికి రాని వేరుశనగ, తీరని అప్పు మనుషులను కదిలించాయి. ముందు వెళ్లిన బంధువు తర్వాతివాళ్లకు వీసా పంపడంతో దారి స్థిరపడింది. డ్రైవర్లు, వంటవాళ్లు, మేస్త్రీలు, గొర్రెల కాపరులు వెళ్లారు. ఇళ్లలో పని చేయడానికి ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లడం ఈ సీమ వలసకున్న ప్రత్యేకత.

అక్కడి పనికి మూలం కఫాలా పద్ధతి. పనివాడి అకామా, అంటే నివాస అనుమతి, ‘కఫీల్’ అనే యజమాని చేతిలో ఉంటుంది. ఇల్లు మారాలన్నా దేశం వదలాలన్నా కఫీల్ దయ కావాలి. భారత ప్రభుత్వం 1983 వలస చట్టం కింద ఏజెంట్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లకు ముప్పై ఏళ్ల కనీస వయసు పెట్టింది. కువైట్ 2015లో ఇంటి పనివాళ్ల చట్టం చేసి, పన్నెండు గంటల పని పరిమితి, వారపు సెలవు చేర్చింది. కాగితం మీది హక్కు నాలుగు గోడల మధ్య ఎంతవరకు అమలవుతుందన్నది ఆ ఇంట్లో ఉన్న మనిషికే తెలుసు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. వారిలో సీమవాళ్లూ ఉన్నారు.

ఇంత పెద్ద అనుభవానికి తగినన్ని పుస్తకాలు లేవు. కారణాలు తెలిసినవే. వెళ్లినవారిలో చాలామందికి చదువు తక్కువ, పనిలో తీరిక తక్కువ, వెనక్కి వచ్చాక మాట్లాడటానికి బిడియం ఎక్కువ. కువైట్ నుంచి వచ్చిన ఆడమనిషి గురించి ఊరు అనే మాటలు ఆమె నోరు మూయిస్తాయి. ఉత్తరాలు, టేపురికార్డరు క్యాసెట్లు, తర్వాత ఫోన్లు ఆ అనుభవాన్ని మోశాయి గానీ నిలపలేదు. పొరుగున కేరళలో బెన్యామిన్ 2008లో రాసిన ‘ఆడుజీవితం’, ఎడారిలో మేకల మధ్య బందీ అయిన కూలీ కథ, లక్షల పాఠకులను చేరి తెలుగులోకీ వచ్చింది. తెలంగాణ పల్లెల్లో గల్ఫ్ పాటలు, కథలు పుట్టాయి. కడప సీమ నుంచి అలాంటి పుస్తకానికి కావలసినంత జీవితం ఉంది. చెప్పేవారూ ఉన్నారు. కూర్చుని వినేవారు కావాలి.

చదివే పద్ధతి

ఈ పుస్తకాలను చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. రచయిత ఎంతకాలం ఉన్నాడు? ఏ పని చేశాడు? ఎవరి భాషలో మాట్లాడాడు? ఎవరి కోసం రాశాడు? టావెర్నియే కొద్ది రోజులే ఉన్నాడు, అయినా వర్తకుడి కన్ను ఉన్నందువల్ల చూసింది నిక్కచ్చిగా పట్టుకున్నాడు. మన్రో ఏడేళ్లు తిరిగాడు, కానీ ఆయన చూపు పన్ను చుట్టూ తిరిగింది. మెకంజీ భాష నేర్వకపోయినా కరణాల మాటను కరణాల మాటగానే దాచాడు. బ్రౌన్ భాష నేర్చి, పండితుల పేర్లు చెప్పి, తన అప్పులూ చెప్పాడు. మిషనరీ చందాదారు కోసం రాశాడు, జానకమ్మ తనవాళ్ల కోసం రాసింది.

ఈ వరసలో తేలే విషయం ఒకటుంది. పరాయి నేల మీద నిలిచే పుస్తకాన్ని ఎవరూ ఒంటరిగా రాయలేదు. కోదండరామ పంతులు, అయోధ్యాపురం కృష్ణారెడ్డి, కావలి సోదరులు, పేరు తెలియని కరణాలు, హైమెండార్ఫ్‌కు దారి చూపిన చెంచులు లేకపోతే పై గ్రంథాల్లో చాలావాటికి ఉనికే లేదు. ఆ స్థానిక మనిషి ఎంత స్పష్టంగా వినిపిస్తే పుస్తకానికి అంత ఆయువు.

భాండాగారాలు, జరగవలసిన పని

కడప ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలోనే ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం ఉంది. శిథిలాలుగా మిగిలిన ఆ చోటును నిలబెట్టాలని ఏళ్ల తరబడి తిరిగి, చందాలు పోగుచేసి, పుస్తకాలు సేకరించినవారు జానుమద్ది హనుమచ్ఛాస్త్రి. అది నేడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. తాళపత్రాలు, రాతప్రతులు, కైఫీయత్తుల ప్రచురణలు ఆ కేంద్రం ప్రతిష్ఠ.

రెండు వందల ఏళ్ల కింద ఒక విదేశీ ఉద్యోగి ఈ ఊళ్లో కూర్చుని, అచ్చుకు ఎక్కని తెలుగును జీతాలిచ్చి రాయించాడు. ఆ పని ఇప్పుడు మరో వైపు నుంచి జరగాలి. కువైట్ నుంచి వచ్చిన వంటమనిషి, డ్రైవరు, కాపరి చెప్పే మాటను వారి సీమ యాసలోనే నమోదు చేయాలి. మిగిలి ఉన్న ఉత్తరాలను, క్యాసెట్లను సేకరించాలి. పేరు బయటపడకూడదనుకునే ఆడవాళ్ల పేర్లు కాపాడుతూ వారి జీవితాలను పుస్తకాలుగా తేవాలి. తొలి తరం వలసదారులు ఇప్పుడు వృద్ధులు, కాబట్టి ఈ సేకరణకు గడువు ఎక్కువ లేదు. విశ్వవిద్యాలయ తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కో ఊరిని ఎంచుకున్నా పదేళ్లలో కొత్త కైఫీయత్తులు సిద్ధమవుతాయి. అప్పుడు ఈ శాఖలో కడప, కర్నూలు సీమలు ఇతరుల పుస్తకాల్లో కనిపించే ప్రాంతంగా మిగలక, తమ ప్రపంచ అనుభవాన్ని తామే చెప్పుకున్న ప్రాంతంగా నిలుస్తాయి.